బొట్టు పెట్టిన వాకర్

ఫిజియోథెరపీ చదువు ముగించిన ఇద్దరమ్మాయిలు పోయిన నెల హోసూరులో మా ఇంటికి వచ్చారు. పల్లెల్లో పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసే ఉద్యోగంలో చేరుతున్నారట, నా అనుభవం చెప్పమన్నారు. కాఫీ ఇచ్చి రెండు గంటలు మాట్లాడాను. వాళ్ళు గేటు దాటాక తల పట్టుకున్నాను. ఏ కాగితం ఎవరికి పంపాలి, ఏ అధికారి ముందు నోరు మూసుకోవాలి, సెలవు ఎప్పుడు అడిగితే ఇస్తారు, ఇవే చెప్పాను. అవన్నీ మూడు నెలల్లో ఎవరైనా నేర్చుకుంటారు. నాకు ముప్పై ఏళ్ళు పట్టిన సంగతి ఒకటుంది. అది మాత్రం చెప్పలేదు. అందుకని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నేను మొదట కృష్ణగిరిలో, తర్వాత హోసూరులో పనిచేశాను. చివరి ఏడేళ్ళు తళి, జవళగిరి వైపు పల్లెలు నా వంతుకు వచ్చాయి. పొద్దున్నే స్కూటర్ మీద బయలుదేరితే తళి చేరేసరికి స్వెటర్ లోపల కూడా వణుకు పుట్టేది. ఫిజియోథెరపిస్ట్ అనే మాట ఆ పల్లెల్లో ఎవరి నోటా తిరగలేదు. వాళ్ళే నాకొక పేరు పెట్టుకున్నారు, కాళ్ళ మేడమ్ అని. మొదట్లో ఉడుక్కునేదాన్ని. చేతులూ, మెడా, నడుమూ కూడా చూస్తాను కదా అని వాదించేదాన్ని. ఒకరోజు స్కూటర్ చెడిపోయి బస్సెక్కితే, కండక్టర్ "కాళ్ళ మేడమ్‌కి సీటు ఇయ్యండప్పా" అని కేకేశాడు. నా కాళ్ళకే ఏదో అయిందనుకుని ముగ్గురు లేచారు. హాయిగా కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆ పేరుతో రాజీపడ్డాను.

పెద్ద డాక్టరు కోపం

కృష్ణగిరిలో నా మొదటి బాస్ ఎముకల డాక్టరు. ఊత్తంగరై వైపు మనిషి. మామూలుగా తమిళంలో మాట్లాడేవాడు, కోపం వస్తే తెలుగులోకి దిగేవాడు. కాబట్టి నేను ఆయన తెలుగు బాగా విన్నాను.

చేరిన కొత్తలో మోకాళ్ళు పట్టేసిన ఒక పెద్దాయనను నాకు అప్పగించారు. ఆయనదీ ఊత్తంగరై పక్కనే, మామిడి తోపులున్న రైతు. నేను శ్రద్ధగా కాగితం నింపాను. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, మోకాలు ఎంతవరకు వంగుతుంది, అన్నీ. పెద్ద డాక్టరు దాన్ని చూసి పక్కన పడేశాడు.

"ఈయన యాడికి పోవల్ల?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నడిపించడానికే కదా ఉన్నావు, ఎక్కడికో తెలియకుండా ఏం నడిపిస్తావని అరిచాడు. ఆ అరుపులకు పెద్దాయనే భయపడి సమాధానం చెప్పాడు. కాయలు దింపే రోజు తాను తోపులో ఉండాలట, లేకపోతే ఇద్దరు కొడుకులూ కొట్టుకుంటారట. అప్పుడు డాక్టరు నెమ్మదించి, తోపుకు ఎంత దూరం, దారిలో ఎత్తు ఉందా, మధ్యలో కూర్చోవడానికి ఏమన్నా ఉందా అని అడిగి, ఆ నడకే నేర్పమని నాకు చెప్పి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఆ ఏడు తోపుకు నడిచి వెళ్ళాడు. కొడుకులు ఆయన ఎదురుగానే కొట్టుకున్నారని తర్వాత తెలిసింది. అది మా శాఖ పని కాదు.

డాక్టరు దగ్గర ఈ ఒక్క ప్రశ్న నేర్చుకున్నాను. దానితోపాటు ఒక చెడ్డ అలవాటూ అంటించుకున్నాను. ఎవరి తప్పయినా సరే, నలుగురిలో నిలబెట్టి కడిగేయడం ఆయన పద్ధతి. నర్సులు ఆయన్ని చూసి గుమ్మాల వెనక దాక్కునేవారు. పనిలో అంత గట్టివాడు మాటలో ఇంత మొరటువాడు కావలసిన అవసరం లేదని అప్పట్లోనే అనుకున్నాను. అనుకుని కూడా, వయసొచ్చాక నేనూ అలాగే తయారయ్యాను. పైగా ఆ ప్రశ్నను మరిచిపోయి, అరుపును మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

పూజగదిలో వాకర్

గౌరమ్మ ఊరు తళి నుంచి జవళగిరి పోయే దారిలో లోపలికి ఉంటుంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. కొడుకు కృష్ణప్ప తాతల నాటి భూమిలోనే క్యాబేజీ, చేమంతి పండిస్తాడు. కోడలు రత్నమ్మ. గౌరమ్మ వాకిట్లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. హోసూరులో ఆపరేషన్ చేసి, కాలు మీద బరువు వేయవచ్చని, లేపి నడిపించమని డాక్టర్లు చెప్పి పంపారు. ఆ నడిపించే పని నాకు వచ్చింది.

మొదటిసారి వెళ్ళి మంచం మీద చేయవలసిన కసరత్తులు నేర్పాను. బొమ్మలున్న కాగితం ఇచ్చాను. వాకర్ ఇచ్చి, మనిషిని లేపి, నాలుగడుగులు వేయించి చూపించాను. వారం తర్వాత వెళ్ళి ఎలా ఉందంటే గౌరమ్మ నవ్వుతూ, "అన్నీ చేస్తా ఉండానమ్మా" అంది. తొడ పట్టుకుని చూస్తే కండ వదులైపోయింది. చేస్తూ ఉంటే అలా ఉండదు. వాకర్ ఏదని అడిగాను.

కృష్ణప్ప గౌరవంగా పూజగదిలోకి తీసుకెళ్ళాడు. దేవుడి పటాల కింద వాకర్ నిలబడి ఉంది. పైపులకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కవరు మీదే నాలుగు కాళ్ళకూ పసుపు పూసి బొట్లు పెట్టారు. పైన చేమంతి దండ. పక్క గోడకు నేనిచ్చిన కాగితం, లామినేషన్ చేయించి మరీ మేకుకు తగిలించారు.

"కొత్తది కదా మేడమ్, పూజ చేసినాము" అన్నాడు.

మా వైపు కొత్త బైకుకైనా, ట్రాక్టర్‌కైనా, చివరికి మిక్సీకైనా పూజ చేయకుండా వాడరు. అంతవరకు నాకూ తెలుసు. పూజ చేసి ఊరుకోవడమే నాకు కొత్త. ఆ బొమ్మల కాగితం మీదున్న అక్షరాలు తమిళం. గౌరమ్మకు ఏ భాషలోనూ చదువు రాదు. ఆమెకు కనిపించని గోడకు దాన్ని తగిలించారు. నవ్వు వచ్చింది గానీ, ఆ నవ్వు కోపంగా బయటపడింది.

నేను నోరు పారేసుకున్న రోజు

వాకిట్లో పూలు కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే రత్నమ్మను పిలిచి కడిగేశాను. అత్తను లేపడానికి బద్ధకమా, మంచం పట్టిస్తే నీ పని తగ్గుతుందనుకున్నావా, రేపు పుండ్లు పడితే ఎవరు చూస్తారు అని, నోటికి వచ్చినదంతా అన్నాను. రత్నమ్మ తల దించుకుని వింది. నేను గెలిచినదానిలా స్కూటరెక్కాను.

మరుసటి వారం వెళ్ళేసరికి పరిస్థితి ఇంకా చెడింది. గౌరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాతో మాట్లాడలేదు. తిండి కూడా సగం చేసిందట. ఆపరేషన్ అయి నెల దాటింది. ఈ సమయంలో లేవని పెద్దవాళ్ళు తర్వాత లేవడం చాలా కష్టం, చాలామంది అసలు లేవరు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి భయం వేసింది. దారి తోచక గుమ్మం దగ్గర నిలబడితే రత్నమ్మ కాఫీ తెచ్చింది. ఈసారి వాకిట్లో ఎవరూ లేరు.

"మేడమ్, అత్తను నడిపించల్లని నాకూ ఉండాది" అంది. "లేపి నాలుగడుగులు వేయిస్తే వీధిలో ఏమంటారో మీకు తెలీదు. మంచాన పడిన ముసిలిదాన్ని కూడా పనికి తోల్తా ఉండాదంటారు. మీరు ఆ పొద్దు వాళ్ళ ముందర అట్ల అన్నాక, ఇంగ నేనేం చేసినా తప్పే."

ఆ పిల్ల రోజూ అత్తకు నీళ్ళు పోసి, తల దువ్వి, ముద్ద కలిపి నోట్లో పెడుతోంది. మంచం దిగనివ్వకుండా చూసుకోవడమే మంచి కోడలి పని అని ఊరంతా నమ్ముతుంది, ఆమే నమ్మింది. మా దగ్గర ఎక్కువ మంది పెద్దవాళ్ళు మంచం పట్టేది చూసేవాళ్ళు లేక కాదు, అతిగా చూసుకోవడం వల్ల. నేను ఆ మర్యాదను బద్ధకం అనుకున్నాను. రత్నమ్మకు అక్కడే క్షమాపణ చెప్పాను. పూలవాళ్ళ ముందు కూడా చెప్తానన్నాను. తర్వాతి వారం నిజంగానే చెప్పాను. వాళ్ళు నావైపు వింతగా చూశారు, అయినా చెప్పినందుకు నాకు మనసు తేలికపడింది.

యాడికి పోవల్ల

ఆ కాఫీ తాగుతూ ఉండగా పెద్ద డాక్టరు గుర్తొచ్చాడు. ఇన్ని వారాలుగా గౌరమ్మను ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అనే అడుగుతున్నాను. వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నాను.

"పెద్దమ్మా, నువ్వు నడిస్తే యాడికి పోవల్ల?" అన్నాను.

గౌరమ్మ ఇటు తిరిగింది. "మారెమ్మ గుడికి" అంది.

ఆ ఊళ్ళో ఏటా మారెమ్మ పండగ చేస్తారు. బియ్యప్పిండి, బెల్లం కలిపి పెద్ద ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, నెయ్యి పోసి వత్తి వేస్తారు. దాన్ని తంబిట్టు దీపం అంటారు. పళ్ళెంలో పెట్టి, పూలతో అలంకరించి, ఇంటి ఆడమనిషి తలమీద పెట్టుకుని గుడికి తీసుకుపోతుంది. మొదటి దీపం గౌరమ్మ ఇంటిది. కొత్త కోడలుగా వచ్చిన కొన్నేళ్ళకు ఆమె అత్త గుడి గడప ముందు నిలబడి, ఆ పళ్ళెం తన చేత్తో గౌరమ్మ తలమీద పెట్టిందట. అప్పటి నుంచి గౌరమ్మే మోస్తోంది. బతికుండగా అయితే దీపం గుడి దగ్గర చేతి నుంచి చేతికి మారాలి. మనిషి పోయాకైతే కోడలు ఇంట్లో నుంచే ఎత్తుకుంటుంది.

"ఈసారి రత్న ఇంట్లో నుంచే ఎత్తుకుంటాదని నా కొడుకు చెప్పేసినాడు" అంది గౌరమ్మ. "నేను మోయల్లని అనలేదమ్మా. ఇయ్యల్ల. నా చేత్తో నేను ఇయ్యల్ల. ఈడ పండుకోనుండంగానే దీపం ఎత్తుకోని పోతే, నేను పోయినట్లే కదా."

గుమ్మంలో నిలబడ్డ రత్నమ్మ అంతా వింది. అత్తకు శ్రమ తప్పించాలని తాను ఒప్పుకుంటే, అత్త దాన్ని ఇలా తీసుకుందని ఆమెకు అప్పుడే తెలిసింది. వచ్చి మంచం మీద కూర్చుని అత్త కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. గౌరమ్మ కూడా ఏడ్చింది. నేను కళ్ళు తుడుచుకుని, పండగ ఎప్పుడని అడిగాను. ఆరు వారాలుంది.

క్యాబేజీలతో ప్రాక్టీసు

ఆ రోజే గుడిదాకా నడిచి చూశాను. ఇంటి గుమ్మం నుంచి గుడి గడపకు నా అడుగులు మూడు వందల నలభై. గౌరమ్మకు అంతకు రెట్టింపు. సగం దారిలో ఇంకో ఇంటి అరుగుంది, కూర్చోవచ్చు. గుడికి ముందు వీధికి అడ్డంగా మురుగునీళ్ళ మోరీ, దాని మీద ఒక బండ. బండ ఒక వైపు లేచి ఉంది. కష్టమంతా అక్కడే.

కసరత్తుల సంగతి రత్నమ్మ చూసుకుంది. నా కాగితంలో కుర్చీలో నుంచి పదిసార్లు లేచి కూర్చోవాలని ఉంది. గౌరమ్మ అది చేయదు, ఊరికే లేచి కూర్చోవడం పిచ్చివాళ్ళ పనట. రత్నమ్మ వాకిట్లో అత్తకు కుర్చీ వేసి, చేమంతి పూలబుట్టను పక్కనున్న ఎత్తు గోడ మీద పెట్టింది. పిడికెడు పూలు కావాలంటే లేవాలి. మూర కట్టేసరికి గౌరమ్మ పన్నెండుసార్లు లేచేది. వీధిలో పోయేవాళ్ళు అడిగితే, అత్త అమ్మవారికి దండలు కడుతోందని రత్నమ్మ చెప్పేది. అమ్మవారి పనికి వంక పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? నేను చదివిన చదువులో ఈ ఉపాయం ఎక్కడా లేదు.

గుడి దగ్గర ఇవ్వాలంటే అక్కడిదాకా తనే తేవాలని గౌరమ్మ పట్టు. పళ్ళెం తలమీద పెట్టుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. రెండు చేతులూ వాకర్ మీదే ఉండాలన్నాను. గౌరమ్మ ముఖం మాడ్చుకుంది. రత్నమ్మ పళ్ళేన్ని వాకర్ ముందుపక్క కడితే కుదరదా అని అడిగింది.

ముందు బరువు పడితే వాకర్ ఒరుగుతుందేమోనని నాకు అనుమానం. కృష్ణప్ప తోటలో నుంచి రెండు క్యాబేజీలు తెచ్చి, పళ్ళెంలో పెట్టి, గుడ్డతో వాకర్‌కు కట్టి నడిపించాం. మొదటి రోజు ఒక క్యాబేజీ దొర్లి కోళ్ళ మీద పడింది. గౌరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ఆమె అలా పడీపడీ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. రెండో వారానికి కోళ్ళు కూడా అలవాటు పడ్డాయి. వత్తి గుడి దగ్గరే వెలిగించాలన్నది నా షరతు. చీర కొంగుకూ మంటకూ మధ్య నేను హామీ ఉండలేనన్నాను, సరేనన్నారు.

ఇంతా అయ్యాక కృష్ణప్ప అడ్డం తిరిగాడు. మంచివాడే, కాకపోతే ఊరి మాటకు జంకే మనిషి. ఊరి ముందర తన తల్లి నాలుగు కాళ్ళ బండి పట్టుకుని పోతే తన మర్యాద ఏం కావాలని అడిగాడు. గౌరమ్మ పూలు కడుతూ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నాలుగు కాదప్పా, ఆరు. నావి రెండు లెక్కేసుకో."

పండగ రోజు

నేను మామూలుగా పండగలకు వెళ్ళను, రోగి ఇల్లు వేరు, నా ఇల్లు వేరు అనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం పట్టుచీర కట్టుకుని స్కూటరెక్కాను. వాకర్ కవరు ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడే తీసేశాం. నాలుగు కాళ్ళకూ మళ్ళీ పసుపు, మళ్ళీ బొట్లు, చుట్టూ చేమంతి దండలు. ముందు పళ్ళెంలో తంబిట్టు. డప్పులు మొదలయ్యాయి. గౌరమ్మ గుమ్మం దిగింది. వెనకాల మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు తలమీద దీపాలతో, ఆమె అడుగుకు తమ అడుగు తగ్గించుకుని నడిచారు. డప్పులవాళ్ళు కూడా దరువు తగ్గించారు, ఎవరు చెప్పారో తెలియదు.

అరుగు దగ్గర కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. మోరీ దగ్గరకు వచ్చి ఆగింది. వాకర్ ముందు కాళ్ళు బండ ఎక్కాయి గానీ వెనక కాళ్ళు ఎక్కలేదు. కృష్ణప్ప తల్లిని ఎత్తుకోవడానికి ముందుకు ఉరికాడు. నేనూ ఉరికేదాన్నే. రత్నమ్మ మా ఇద్దరికీ అడ్డంగా చెయ్యి చాచింది. ఊరంతా చూస్తోంది. నలుగురిలో నేను ఆ పిల్లను ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది.

"వదలండి. అత్త వస్తాది" అంది.

గౌరమ్మ ఊపిరి తీసుకుంది. వాకర్‌ను వెనక్కి లాగి, కొంచెం పక్కకు తిప్పి, బండ పల్లంగా ఉన్న వైపు నుంచి మళ్ళీ ఎక్కించింది. నేను నేర్పింది నేరుగా ఎక్కించమని. ఆమె తెలివి ఆమె వాడుకుంది. బండ దాటింది. గుడి గడప దగ్గర వాకర్ ఆపి, గోడకు భుజం ఆనించి నిలబడింది. నేను వెళ్ళి వెనక నుంచి నడుము పట్టుకున్నాను, దానికి ఆమె అభ్యంతరం చెప్పలేదు. కృష్ణప్ప కట్లు విప్పి పళ్ళెం అందించాడు. రత్నమ్మ తల వంచింది. గౌరమ్మ తన రెండు చేతులతో దీపం కోడలి తలమీద పెట్టి, తన చేత్తోనే వత్తి వెలిగించి, "ఇంగ నీదే, జాగ్రత్త" అంది. కృష్ణప్ప ఎవరికీ కనబడకూడదని ముఖం తిప్పుకున్నాడు, అందరికీ కనబడింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇంటికి వెళ్ళగానే నొప్పి గురించి అడగకండని కాదు, అడగండి. దానికంటే ముందు ఆ మనిషి ఎక్కడికి పోవాలో అడగండి. ఇంట్లోవాళ్ళను తిట్టే ముందు వాళ్ళు దేనికి భయపడుతున్నారో కనుక్కోండి. నాకు ఈ రెండూ తెలిసి కూడా పొరపాటు పడ్డాను, మీరూ పడతారు. పడ్డాక ఎలా లేవాలో మనమే కదా నేర్పేది.

పండగైన రెండు వారాలకు గౌరమ్మను చూడడానికి మళ్ళీ వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది, దాని మీద మినుములు ఆరబోశారు. వాకర్ వాకిట్లో లేదు, పూజగదిలోనూ లేదు. రత్నమ్మ వంటింట్లో నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. అత్త యాడికి పోయిందని అడిగాను.

"పొద్దున పోయింది మేడమ్" అంది రత్నమ్మ నవ్వుతూ. "యాడికి పోయిందో ఎవరికి తెలుసు?"